ఎదురుగా కూర్చుని నేర్చిన కుట్టు

మార్కాపురం, ఆదివారం

మా ఆవిడ కమల పాత చీరలతో మొదలుపెట్టిన బొంత, ఆమె పోయాక సగంలోనే ఉండిపోయింది. ఈ రోజు మనవరాలు వెన్నెల దాన్ని బయటికి తీసి, కుట్టడం నేర్పమంది.

నేను సూది పట్టగానే నవ్వింది. "ఏంది తాతా, రాసేది కుడిచేత్తో, కుట్టేది ఎడమచేత్తోనా?"

"మీ అవ్వ మంచాన పడినప్పుడు నేర్పింది. ఎదురుగా కూర్చుని చూసి నేర్చుకున్నా. అద్దంలో మాదిరి తిరగబడింది."

"అవ్వ చెప్పలేదా?"

"నువ్వు నవ్వినట్లే నవ్వింది."

కమల కుట్టు నా దగ్గరే చెడిపోయిందేమో, పిల్లకు ఆ తప్పే అంటుతుందేమోనని బెంగపడ్డాను.

వెన్నెల నా ఎదురుగా కూర్చుని, నన్ను చూస్తూ కుట్టింది. సూది కుడిచేతిలో ఉంది, అచ్చం కమల పట్టినట్లే.

దారం అయిపోతే ఎక్కించి ఇచ్చాను.