వసపిట్టకు ఇంగ్లీషు క్లాసు

వసపిట్ట నాన్నగారికి,

నమస్కారాలు. ఇక్కడ తల్లీకూతుళ్ళం కులాసాగానే ఉన్నాం. మీరు వేళకు తింటున్నారనే నమ్ముతున్నాను, నమ్మకం కాస్త తక్కువే అయినా. నడుంనొప్పి సంగతి ఈసారి కూడా రాయలేదు. తగ్గిందా, దాచారా?

ఇక మీరడిగినవి. ఈ కొత్త దేశంలో ఇల్లు అలవాటైంది, భాషే ఇంకా పట్టుబడలేదు. వంటింటి కుళాయి బాగుచేయించాను. ప్లంబరు చేతులతో, నేను కళ్ళతో మాట్లాడుకున్నాం. దేనికి తలూపానో తెలియదుగానీ కారడం ఆగింది. ఆస్పత్రి ల్యాబులో నా పని సాఫీగానే ఉంది. రక్తపు గొట్టాలతో మాట్లాడే అవసరం లేదు కదా!

"ఇంగ్లీషు దేశంలో పుట్టి, నిద్రలో కూడా ఇంగ్లీషులోనే కలవరించే పిల్లకి ఇంగ్లీషులో అత్తెసరు మార్కులేమిటి?" అని నిలదీశారు. నాకూ తల తిరిగింది. పేపరు తెప్పించి చూశాను. ప్రశ్నలన్నీ ఇక్కడి భాషలోనే ఉన్నాయి. ఇంగ్లీషు పేరా ఇచ్చి, దాన్ని ఇక్కడి భాషలో రాయమన్నారు. ప్రశ్న అర్థమైతే కదా ఇది జవాబు రాసేది! దీని పక్కన కూర్చునే పిల్లకి ఇంగ్లీషులో మంచినీళ్ళు అడగడం కూడా రాదు, మార్కులు మాత్రం తొంభై. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"ఆ క్లాసు దండగ, ఆ గంటలో అక్కడి భాష నేర్పించమను" అన్నారు మీరు. నాకూ సబబే అనిపించి హెడ్మిస్ట్రెస్‌ని అడిగాను. ఆవిడ వెంటనే ఒప్పుకుని, ఆ గంటసేపు దాన్ని ఒకటో తరగతి పిల్లల మధ్య కూర్చోబెట్టి అక్షరాలు దిద్దిస్తున్నారు. మోకాళ్ళు బల్ల కింద పట్టడం లేదట. పోనీలే, దారిలో పడిందనుకున్నాను.

మీరు కంగారు పడతారని ఈ ఉత్తరంలో ఇంతవరకూ రాయకుండా ఆపిన సంగతి ఒకటుంది. నిన్న బడి గేటు దగ్గర ఇంగ్లీషు టీచరు నన్ను ఆపింది. చిన్నపిల్లే, ఉద్యోగంలో కొత్త. ఇంగ్లీషులో ఒక్కో మాటా వెతుక్కుంటూ అడిగింది.

"మీ అమ్మాయిని నా క్లాసు నుంచి ఎందుకు తీసేశారండీ? తను మాట్లాడేది నా క్లాసులోనే కదా. మిగతా రోజంతా నోరు విప్పదు. ఆటల గంటలో కూడా గోడకి ఆనుకుని నిలబడుతుంది. నా క్లాసులో అయితే పిల్లలందరూ తన చుట్టూ మూగేవాళ్ళు."

మన వసపిట్ట గురించండీ! బస్సులో ముక్కూమొహం తెలియని వాళ్ళకి కూడా తన పన్నూడిన కథ చెప్పే పిల్ల గురించి! నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి అది కునికిపాట్లు పడుతుంటుంది. అలసటేననుకున్నాను. ఇలా ఉంటుందని ఊహించలేదు.

వెంటనే హెడ్మిస్ట్రెస్ దగ్గరికి పరిగెత్తాను. "అక్షరాలు నేర్పడానికి ఉన్నది ఆ ఒక్క గంటే. భాష రాకపోతే ఏడాది చివర పరీక్ష తప్పుతుంది. సోమవారం ఏదో ఒకటి తేల్చి చెప్పండి" అన్నారు. ఆవిడ మాటా అబద్ధం కాదు. నాకు బుర్ర పనిచేయడం లేదు. వచ్చిన భాషే మళ్ళీ నేర్చుకోమని పంపడం ఏమిటి? పంపకపోతే పిల్ల మూగబోవడం ఏమిటి? మీ జవాబు సోమవారంలోగా నాకు అందదు. అందుకే ఇంగ్లీషు క్లాసుకే తిరిగి పంపమని చెప్పబోతున్నాను. అక్షరాలు ఆదివారాలు నేను కూడా దాని పక్కన కూర్చుని దిద్దుతాను. చేసేది తప్పో ఒప్పో తెలియదు. పిల్ల పరీక్ష తప్పితే నన్ను తిట్టండి, దాన్ని ఏమీ అనకండి.

"నాతో ఒక్క మాట చెప్పొచ్చు కదే!" అని రాత్రి అన్నం పెడుతూ అన్నాను. అది కోప్పడనూ లేదు, ఏడవనూ లేదు. "నాన్న చెప్పారు కదా, అక్షరాలు నేర్చుకుంటాలే" అని, "మరి బళ్ళో నేను మాట్లాడేదెప్పుడమ్మా?" అని అడిగింది.

ఇట్లు,
మీ ఇల్లాలు