నూనె వద్దన్న మంగళవారం

రూతు అత్తకు వందనాలు.

మొన్న మంగళవారం నా పరీక్షల కోసం ప్రార్థన నూనె పట్టుకుని, దివిసీమ నుంచి రెండు బస్సులు మారి హాస్టల్‌కి వచ్చావు. "మా పిల్లకి భయమంటే తెలీదమ్మా" అని నా స్నేహితురాళ్లతో అంటూ నా తల మీద నూనె చెయ్యి పెట్టబోయావు. నేను తోసేశాను. "ఇలాంటివి నమ్మడం మానేశానత్తా" అన్నాను. నువ్వు సీసా మూత బిగించి, "సరేలే, అన్నం తిన్నావా?" అని మాత్రం అడిగావు.

నేను చెప్పింది అబద్ధం. పరీక్ష హాలు తలుచుకుంటేనే నాకు చేతులు చల్లబడి ఊపిరాడదు. అందుకే కాలేజీలో న్యూరోఫీడ్‌బ్యాక్ శిక్షణకు వెళ్తున్నాను. తలకు తీగలు అంటించి తెర ముందు కూర్చోబెడతారు. మనసు కుదుటపడితే తెర మీద పడవ కదులుతుంది. నూనె రాస్తే తీగలు సరిగా అంటవు. ఆ రోజు నాలుగింటికి నా వంతు. ఆ సంగతి చెబితే నా భయం బయటపడుతుందని, నీ ప్రార్థననే కాదన్నాను.

ఆ సాయంత్రం చాలాసేపు పడవ కదల్లేదు. చిన్నప్పుడు జ్వరమొస్తే నా నుదుటి మీద నువ్వు పెట్టిన చెయ్యి గుర్తొచ్చాకే కదిలింది. ఏం తలుచుకున్నావని శిక్షణ ఇచ్చే మేడమ్ అడిగితే, కృష్ణ ఒడ్డు అన్నాను. అక్కడ కూడా నీ పేరు చెప్పడానికి సిగ్గుపడ్డానత్తా.

నీ మేనకోడలు