చిన్నదైనా త్వరగా తెరుచుకునేది

భూపాలపల్లి

చరణ్ అన్నకు,

మేమంతా క్షేమమే. నన్ను చదివించడానికి బడి మానేసి రిపేరు షాపులో చేరి, నీ ఆటల కోసం పాత సామాన్లతో నువ్వు బిగించుకున్న కంప్యూటర్ ఇప్పుడు పూర్తిగా ఆగిపోయింది. తెలంగాణ సమ్మెలో బాపు వాళ్లు బొగ్గు తీయక కరెంటు కోతలు పెరిగాయి కదా, అప్పుడే హార్డ్ డిస్క్ దెబ్బతింది. "మీ సమ్మె దెబ్బ నా డిస్కు మీదనే పడాల్నా బాపూ?" అని నువ్వు ఫోన్‌లో అడిగితే, "తెలంగాణ రానీ బిడ్డా, డిస్కు దానెనుకనే వస్తది" అని బాపు నవ్వాడు.

నీ ఆటలన్నీ పట్టే పెద్ద డిస్కు పంపుతానన్నావు. అది వద్దు అన్నా. చోటు తక్కువ, వేగం ఎక్కువ అని కొత్త రకం గురించి చెప్పావే, అది పంపు.

సమ్మె రోజుల్లో బాపు మధ్యాహ్నాలు కారు పందెం ఆడేవాడు. తెర మీద కారు ఎటు తిరిగితే తనూ కుర్చీలో అటే ఒరిగేవాడు. "జర బ్రేకు కొట్టు, గోడకు గుద్దుతున్నవ్!" అంటూ అవ్వ పొయ్యి దగ్గర నుంచి పరుగెత్తుకొచ్చేది. బాపును అంతసేపు పగటి వెలుతురులో చూడటం నాకదే మొదలు.

సమ్మె ముగిశాక కూడా గని నుంచి రాగానే స్నానం చేసి కంప్యూటర్ ముందు కూర్చునేవాడు. దెబ్బతిన్న డిస్కు ఆటను తెరిచేలోపే కుర్చీలో నిద్రపోయేవాడు. లేపబుద్ధి కాక నేనే ఆపేసేదాన్ని.

నీ మిగతా ఆటలకు చోటు చాలకపోతే నన్ను తిట్టుకో. ఆ ఒక్క ఆట ఎక్కించి పంపు. బాపు కళ్లు మూతపడకముందే అది మొదలవ్వాలి.

నీ చెల్లి