పసుపు రాసిన ఫ్లాపీ

ఉదయగిరి,
12-8-1989.

పెంచలయ్య బావకు,

నిన్న ఆత్మకూరులో నీ కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ మెట్లు ఎక్కుతుండగానే నీ గొంతు వినిపించింది. “మా బామ్మర్ది మద్రాసులో ఏం చదివినాడో ఏమో, పాస్కల్ సగం సగం ఎక్కించి పోయినాడు” అని పిల్లలకు చెబుతున్నావు. సోమవారం వాళ్ళకు పరీక్ష.

కంప్యూటర్ ఆన్ కాగానే ఒక ఫైలు చదువుకుంటుంది. పిల్లలు ప్రోగ్రాములు రాసే ఆ పాస్కల్ ఏ డైరెక్టరీలో ఉందో చెప్పే పాత్ లైను అందులో రాసి, నీకు చూపించే వచ్చాను. అయినా రోజూ కంప్యూటర్‌కు పాస్కల్ దొరకడం లేదంటే తప్పు నాదేనేమో అనుకున్నాను. నిన్న నీ పద్ధతి చూశాక ఆ బెంగ తీరిపోయింది. ప్రారంభోత్సవం నాడు పంతులు పసుపు కుంకుమ పెట్టిన ఫ్లాపీని కళ్ళకద్దుకుని, లోపలికి తోసి, ఆ తర్వాత స్విచ్ వేశావు. లోపల ఫ్లాపీ ఉంటే కంప్యూటర్ అందులోని ఫైలే చదువుతుంది, నేను రాసినదాని జోలికి పోదు. తీసేయమంటే, “బోణీ ఫ్లాపీరా అది, తీస్తే అచ్చిరాదు” అన్నావు. ఇలాంటి నువ్వు పదిమందికి కంప్యూటర్ నేర్పుతున్నావు.

పసుపు ఫ్లాపీ లేకుండా నువ్వు స్విచ్ వేయవు. అందుకే కండక్టర్ కరీముల్లా చేత వేరే ఫ్లాపీ పంపుతున్నాను. పాత్ లైను ఇందులోనూ రాశాను, కవరుకు పసుపు కూడా పూశాను. రోజూ దాని బదులు దీన్నే కళ్ళకద్దుకుని లోపలికి తోయి. పిల్లలు పాసైతే పసుపు మహిమేనని చెప్పుకుంటావు, చెప్పుకో. ఫెయిలైతే మాత్రం నా పేరెత్తకు.

ఇట్లు,
మద్రాసులో ఏం చదివాడో తెలియని
నీ బామ్మర్ది