దాచిపెట్టానన్న దారం

అమ్మకు నమస్కారం.

ఈ ఉదయం వార్డులో ఒక పెద్దావిడ నాకు ఫ్లాస్కులోంచి చాయ్ పోస్తుంటే ఆమె మణికట్టుకున్న దారం కొస గ్లాసులో తడిసింది. దాన్ని కొంగుతో ఒత్తి తుడుచుకుని, గ్లాసు నా చేతికిచ్చింది. అప్పటి నుంచి ఏ పని మీదా మనసు నిలవడం లేదు.

నేను బాగానే ఉన్నాను. గద్వాలలో మీరంతా కులాసా అనుకుంటాను. నాయనకు మోకాలి నొప్పి తగ్గేదాకా మగ్గం గుంటలోకి దిగవద్దని చెప్పు. నువ్వు పంపిన సజ్జ రొట్టెలు ఇక్కడ వనపర్తి హాస్టల్‌లో ఒక్క పూటకే అయిపోయాయి.

"ఆధ్యాత్మిక సంరక్షణ పరీక్ష ఏంది, నర్సులకు పూజలు నేర్పుతరా?" అని రాశావు. పూజలు కాదమ్మా. రోగి దేన్ని నమ్ముకుని ధైర్యంగా ఉన్నాడో తెలుసుకుని, దాన్ని గౌరవిస్తూ సేవ చేయడం. అది మాకు వచ్చో రాదో తెలుసుకోవడానికి మాకు పాఠాలు చెప్పే రోహిణి మేడం మమ్మల్ని ప్రశ్నలడిగి, రోగుల్ని కూడా అడిగి మార్కులు వేస్తారు. అందరికంటే నాకే ఎక్కువ వచ్చాయని ఫోన్‌లో చెప్పాను. తక్కినది చెప్పలేదు. నాకు నోట రాని మాటలు ఎప్పుడూ కాగితం మీదే కదా.

పరీక్షకు ముందురోజు పెద్దమందడి నుంచి ఫరా అనే ఆమెను కాన్పుకు తెచ్చారు. కడుపులో బిడ్డ గుండె చప్పుడు తగ్గుతోందని వెంటనే ఆపరేషన్ అన్నారు. థియేటర్‌కు పంపే ముందు ఒంటి మీద నగలూ దారాలూ లేకుండా చూడటం నా పని. ఆమె మోచేతి పైన ఒక దారం ఉంది. నేను అడగలేదు. కత్తెరతో కోసి, ఆసుపత్రి చెత్త వేసే పసుపు రంగు బకెట్‌లో పడేశాను. దాని రంగు కూడా చూడలేదు. నొప్పుల్లో ఆమెకు తెలియనే లేదు.

ఆడపిల్ల పుట్టింది. మంచం మీదికి చేర్చగానే ఫరా, "సిస్టర్, నా దారం ఏది?" అంది. అంతకుముందు ఇద్దరు పిల్లలు కడుపులోనే పోయారట. ఈసారైనా నిలవాలని వాళ్ల అత్త అజీజున్నీసా ఊరి దర్గాలో మొక్కి, ఒకే దారాన్ని రెండు ముక్కలు చేసి, ఒకటి తను కట్టుకుని ఇంకొకటి కోడలికి కట్టింది.

"బిడ్డ మంచిగ పుట్టింది గదా, రెండూ తీస్కపోయి ఆడనే కట్టాలె" అంది ఫరా.

చెత్త సంచులు అప్పటికే వెళ్లిపోయాయి. "దాచిపెట్టాను" అన్నాను.

మరునాడు మేడం ఆ మంచం పక్కనే నిలబడి, ఆపరేషన్ ముందు మొక్కు దారం కనిపిస్తే ఏం చేస్తావని అడిగారు. రోగిని అడిగి విప్పుతాను, కాగితంలో చుట్టి ఇంటివాళ్ల చేతికిస్తాను అని పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మేడం ఫరా వైపు తిరిగి, "ఈ పిల్ల నిన్నెట్ల చూస్తుంది?" అన్నారు.

"తల ఎత్తదు మేడం, కొత్త పెండ్లికూతురు లెక్క" అని ఫరా నవ్వింది. "గని నా దారం దాచిపెట్టింది."

ఇక ఇవ్వక తప్పలేదు. నేను హాస్టల్‌కు వచ్చేటప్పుడు, నాయన మగ్గం మీద మిగిలిన పోగులు పేని నువ్వు నా చేతికి కట్టిన దారం భద్రమేనా అని నీ ఉత్తరంలో అడిగావు. డ్యూటీలో చేతికి ఏమీ ఉండకూడదని దాన్ని జేబులో పెట్టుకు తిరిగేదాన్ని. అదే తీసి ఫరా చేతిలో పెట్టాను.

ఆమె చాలాసేపు చూసింది. అజీజున్నీసా వంగి చూసి, "ఇదేందే..." అనబోయింది.

"మనదే, అమ్మీ. జర పైలంగ పెట్టు" అంది ఫరా.

పెద్దావిడ నా ముఖంలోకి ఒకసారి చూసి, దారాన్ని కళ్లకద్దుకుని రుమాలులో ముడివేసింది. నమ్మారనుకున్నాను. ఎంత తేలికగా ఊపిరి పీల్చుకున్నానో నీకు రాయడానికి సిగ్గుగా ఉంది.

రేపు వాళ్లు ఇంటికి పోతారు. నిజం చెప్పాలనే ఈ ఉదయం వెళ్లాను. నేను నోరు తెరిచేలోగా అజీజున్నీసా, "డ్యూటీల పడి ఏమన్న తింటున్నవా లేదా? కూసో బిడ్డా, చాయ్ తాగు" అంది. తాగాను. ఖాళీ గ్లాసు కడిగి ఇచ్చి వచ్చేశాను.

సాయంత్రం మళ్లీ వెళ్లాలి. తర్వాత మేడం దగ్గరికీ వెళ్లాలి. మార్కులు పోతే పోనీ. ఫరా ముందు నిలబడటమే నాకు కష్టంగా ఉంది.

నువ్వు నాకు కట్టింది ఎర్ర పట్టు దారం. ఈ ఉదయం చాయ్‌లో తడిసిన అజీజున్నీసా దారం నల్ల నూలుది.

ఇట్లు,
నీ బిడ్డ
పుష్ప