ఆకురాయి నా చేతికొచ్చింది

అత్తయ్యా, మేం కులాసాగానే ఉన్నాం, బెంగపెట్టుకోకండి. మీ అబ్బాయి వేళకు తింటున్నారు. చేతి వణుకు మాత్రం తగ్గలేదు.

మొన్న ఆయన గోల్ఫు కర్రకు కొయ్య తల చెక్కుతుంటే ఆకురాయి జారి, ఏళ్ల తరబడి ఆరబెట్టిన దిమ్మ కాస్తా పాడైంది. ఆయన ఆకురాయి తెచ్చి నా చేతిలో పెట్టారు.

"ఇన్నాళ్లూ కర్రకు దారం చుట్టావుగా, ఇక చెక్కడమూ నీదే."

"పక్కన కూర్చుని చెబుతానంటేనే," అన్నాను.

కూర్చున్నారు. కొత్త దిమ్మతో సాయంత్రానికి తల తయారైంది. కళ్లు మూసుకుని వేళ్లతో తడిమి, "ఇక్కడ ఇంకాస్త తియ్యాలి," అంటూ అలవాటుకొద్దీ ఆకురాయి కోసం చెయ్యి చాచారు. సగంలోనే వెనక్కి తీసుకుని ఒళ్లో దాచుకున్నారు. అప్పుడు ఏడ్చారత్తయ్యా. పెళ్లయ్యాక ఆయన కంటతడి చూడటం ఇదే మొదలు.

మీ మోకాళ్లకు నూనె రాసుకుంటున్నారా? మామయ్యగారి చిన్న ఆకురాయి అటక మీద ఉంటే పంపండి, ఇది నా పిడికిలికి పెద్దది. ఆయనకు రాసేటప్పుడు చేతి ఊసెత్తకండి. నాకు మాత్రం, ఆయన కంట పడకుండా, పక్కింటి టైలరమ్మ పేరున రాయండి: మామయ్యగారికీ ఇలాగే మొదలైందా?

మరిదినీ, తోటికోడలినీ అడిగానని చెప్పండి. మీ దీవెన ఈసారి నా చేతులకు కావాలి.

మీ కోడలు