ఇటలీ చెక్క

గురువారం రాత్రి, అల్ అమెరాత్, మస్కట్ దగ్గర, 1991

ఇటలీ పాలరాయి దుబాయ్‌కీ సౌదీకీ పోతుందట, మా సైట్‌కూ వస్తుంది. ఆ రాయి వచ్చే పెట్టెల చెక్కతోనే మా రూమ్‌లో అందరికీ రెండంతస్తుల మంచాలు చేశాను. ఇవాళ దానితోనే, సైట్‌లో పైనుంచి పడి చనిపోయిన పోశెట్టికి శవపేటిక చేశాను.

పలకల నిండా ఇటలీ, మస్కట్ అని నల్లటి అక్షరాలు.

"గా రాతలు మా అవ్వకు కనవడద్దు రాజన్నా," అన్నాడు అతని తమ్ముడు.

అవి పోయేలా చిత్రిక పట్టడానికి కంపెనీ గంట టైం కూడా ఇవ్వలేదు. రాతలున్న వైపు లోపలికి తిప్పి మేకులు కొట్టేశాను, మూత పలకలు కూడా అలాగే.

పెట్టె ఎయిర్‌పోర్టుకు వెళ్లాక తోచింది. ఊరు చేరేదాకా ఆ రాతలు పోశెట్టి కళ్లకు ఎదురుగానే ఉంటాయి.

కింది మంచం మీద పడుకుని రాస్తున్నాను. పై మంచం పోశెట్టిది. దాని పలకల అడుగున అవే అక్షరాలు, నా ముఖానికి మూరెడు దూరంలో.